‘పాలు పడలేదు’ అనే ముందు

ముప్పై ఎనిమిదేళ్ళ వైద్యవృత్తిలో నేను అన్నిటికంటే ఎక్కువగా విన్న మాట ఏదని అడిగితే, జ్వరం గురించో దగ్గు గురించో చెప్పను. "పాలు పడలేదండి" అన్న మాటే చెబుతాను. ప్రసవమైన రెండవనాడు, చాలాసార్లు సాయంకాలం వేళ, ఆ మాట వినబడుతుంది. విచిత్రమేమిటంటే ఆ మాట అనేది సాధారణంగా బాలింత కాదు. మంచం పక్కన నిలుచున్న అత్తగారో, మేనత్తో, చూసిపోవడానికి వచ్చిన పొరుగింటావిడో అంటారు. బాలింత గోడవైపు తిరిగి పడుకుని వింటూ ఉంటుంది. ఆ మాట ఆమెకు రోగనిర్ధారణలా కాక, తీర్పులా వినబడుతుంది.

ఆ మాటకు నేను మొట్టమొదట ఇచ్చిన సమాధానం తప్పు. ఆ తప్పేమిటో ముందుగా చెప్పుకోకుండా, కొత్త తల్లులకు సలహాలు చెప్పే అర్హత నాకు లేదనుకుంటాను.

అది 1978. గోదావరి కాలువల నడుమ ఒక పట్టణంలోని ప్రభుత్వాసుపత్రిలో శిశువైద్యుడిగా చేరిన కొత్త. ఆసుపత్రి పేరు ఇక్కడ అనవసరం. తల్లిపాలలో కొవ్వెంత, మాంసకృత్తులెంత, లాక్టోజెంత అన్నవి అంకెలతో సహా నాకు కంఠస్థం. కాని ఒక తల్లి బిడ్డకు పాలివ్వడాన్ని దగ్గర కూర్చుని ఐదు నిమిషాలు చూసి ఎరుగను. పరీక్షలో ఎవరూ అడగలేదు కనుక నేర్చుకోలేదు. పైగా మగవాణ్ణి; చూడటం మర్యాద కాదనుకునేవాణ్ణి. తల్లి పమిట సర్దుకుంటే నేను తల తిప్పుకుని కేసుషీటు రాసుకునేవాణ్ణి. ఆ మర్యాద చాటున నా అజ్ఞానం హాయిగా దాక్కున్నది.

పందొమ్మిదేళ్ళ అమ్మాయి. తొలికాన్పు. భర్త బియ్యం మిల్లులో బస్తాలు మోసేవాడు. బిడ్డ రెండు కిలోల ఎనిమిది వందల గ్రాములు, ఏ లోపమూ లేని మగపిల్లవాడు. రెండవనాడు పొద్దున నేను వార్డులో తిరుగుతుండగా అత్తగారు ఆ మాట అన్నది. నేను ఆ అమ్మాయిని ఒక్క ప్రశ్న అడగలేదు. బిడ్డ ఎలా చీకుతున్నాడో చూడలేదు. జేబులోంచి కలం తీసి, చీటీ మీద ఒక డబ్బాపాలపొడి పేరు రాసి ఇచ్చాను. నిమిషం కూడా పట్టలేదు. ఆ రోజుల్లో నా గదిలో గోడకు ఆ పాలపొడివారిచ్చిన క్యాలెండరే వేలాడుతుండేది. బొద్దుగా, తెల్లగా ఉన్న పాపాయి బొమ్మతో. దానిలో తప్పేమున్నదో నాకు తట్టలేదు.

రెండు నెలల తర్వాత ఆ బిడ్డను తిరిగి తీసుకువచ్చారు. విరేచనాలు. కళ్ళు లోపలికి పోయి, తొడల మీద చర్మం ముడతలుగా వేలాడుతున్నది. బరువు తూచితే పుట్టినప్పటికంటే తక్కువ. ఆ వయసు బిడ్డకు అరకిలో డబ్బా ఐదారు రోజులకు మించి రాకూడదు. వాళ్ళు దానిని మూడు వారాలు వాడారు. కూలి డబ్బులు అంతకంటే సాగవు కదా! ఒక చెంచా పొడి పడవలసినచోట పావు చెంచా పడింది. నీళ్ళు కాలువవి. సీసా ఒక్కటే, రోజుకొకసారి కడిగేవారు. ఇవన్నీ నేను గద్దిస్తూ అడుగుతుంటే, ఆ అత్తగారు రొంటిన దోపుకున్న చిన్న సంచిలోంచి మడతలు పడిన కాగితం తీసి నా చేతికిచ్చింది. "మీరు రాసిన డబ్బాయే బాబూ, వేరేది కొనలేదు" అన్నది. చీటీ మీద ఉన్నది నా దస్తూరీ.

మూడవనాడు తెల్లవారుజామున ఆ బిడ్డ పోయాడు. నన్ను ఎవరూ ఏమీ అనలేదు. అతిసారంతో శిశువులు పోవడం ఆనాటి వార్డులలో వింత కాదు. రిజిస్టరులో రోగం పేరు రాశారు. చీటీ సంగతి రాసే గడి ఆ రిజిస్టరులో లేదు.

ఆ వార్డులో చాలా ఏళ్ళుగా పనిచేస్తున్న ఆయమ్మ ఒకామె ఉండేది. చదువు లేదు. ఆ మధ్యాహ్నం ఆమె మంచం కడుగుతూ, నావైపు చూడకుండానే, "ఆ పిల్లకి పాలు లేకపోడమేటి బాబూ. రెండోనాడు ఎవరికి పడతాయి? మీరు చూశారా?" అన్నది. నేను జవాబు చెప్పలేదు. మర్నాడు నేనే ఆమె దగ్గరకు వెళ్ళి, ఎలా చూడాలో చూపించమని అడిగాను. అంతకు మించిన విద్యాభ్యాసం నా జీవితంలో మరొకటి లేదు.

ఆమె మొదట చేసిన పని, మంచం చుట్టూ మూగినవారందరినీ బయటకు పంపడం. రెండవ పని, బాలింతకు గ్లాసెడు గోరువెచ్చని నీళ్ళు ఇవ్వడం. ఆ తర్వాత నాకొక స్టూలు చూపించి, "నిలబడకండి బాబూ, కూకోండి. మీరు నిలబడితే ఆ పిల్లకి తొందరగా కానిచ్చెయ్యాలనిపిస్తాది" అన్నది. ఆపైన అడిగింది: "మీ ఇంట పాడి ఉండేదా?"

ఉండేదన్నాను.

"పాలు తీసేవోడు ముందేం జేస్తాడు?"

దూడను విడుస్తాడు అన్నాను.

"మరి? దూడని విడవకుండా, గేదెని కర్రతో అదిలిస్తూ చెంబు కింద పెడితే చేపుద్దా?"

చేపు అన్నది మన పల్లెల్లో పసిపిల్లలకు కూడా తెలిసిన మాట. పొదుగులో ఉన్న పాలు ధారకు దిగిరావడాన్ని చేపడం అంటాం. పాలు ఊరడం వేరు, చేపడం వేరు. నా పాఠ్యగ్రంథం కొన్ని పుటలలో వివరించినదంతా ఈ రెండు మాటలలో ఉన్నది. బిడ్డ చీకుతున్నకొద్దీ తల్లి మెదడు అడుగున ఉన్న పీయూషగ్రంథి నుంచి ప్రోలాక్టిన్ అనే హార్మోను వెలువడి పాలను ఊరిస్తుంది. రాత్రివేళ ఇది మరింత ఎక్కువ. ఊరిన పాలను చనుమొన వైపు నెట్టేది ఆక్సిటోసిన్ అనే మరొక హార్మోను. ఇదే చేపు. బిడ్డ స్పర్శ, బిడ్డ వాసన, బిడ్డ ఏడుపు, ఒక్కొక్కసారి బిడ్డ తలపు మాత్రమే కూడా దానిని రప్పిస్తాయి. భయం, నొప్పి, అవమానం దానిని ఆపుతాయి. రొమ్ములో పాలుండి కూడా చుక్క రాకపోవడం అందువల్ల జరుగుతుంది. దూడ చచ్చిన గేదె చేపదని, దూడ తోలులో గడ్డి కూరి దాని ముందు నిలబెట్టేవారు మా ఊళ్ళో. పశువు మనసు గురించి అంత ఎరిగినవాళ్ళమే, బాలింత మంచం చుట్టూ చేరి ఆమె వినేటట్లు "ఈ పిల్లకి పాలు లేవు" అని చర్చించుకుంటాం.

ఇక ఆయమ్మ అన్న రెండవ సంగతి: "రెండోనాడు ఎవరికి పడతాయి?" నిజమే. గర్భంలో మాయ ఉన్నంతకాలం దానినుంచి వచ్చే ప్రొజెస్టరోన్ పాల ఉత్పత్తిని అదుపులో ఉంచుతుంది. మాయ పడిపోయాక ఆ అదుపు తొలగి, సమృద్ధిగా పాలు రావడానికి రెండు మూడు రోజులు పడుతుంది. తొలికాన్పు వారికి, సిజేరియన్ అయినవారికి, మధుమేహం ఉన్నవారికి మరొక రోజు ఆలస్యం కావచ్చు. ఈలోగా రొమ్ములో ఉండేవి ముర్రుపాలు. చిక్కగా, పసుపు ఛాయలో, చుక్కలు చుక్కలుగా వస్తాయి. "ఇవేం పాలు" అని పిండి పారబోసిన అమ్మమ్మలను నేను ఎరుగుదును. మొదటినాడు బిడ్డ పొట్టలో ఒక్కసారికి పట్టేది ఐదు నుంచి ఏడు మిల్లీలీటర్లు. అంటే ఒక చిన్న చెంచాడు. బిడ్డ పొట్ట ఎంతో, ప్రకృతి ఇచ్చే ముర్రుపాలూ అంతే. రోగనిరోధక శక్తినిచ్చే పదార్థాలు వాటిలో ఎంత దట్టంగా ఉంటాయంటే, వాటిని ఆహారం అనడం కంటే మొదటి టీకా అనడమే సబబు. ఆ చెంచాడు చాలదని మనం సీసాతో ముప్పై మిల్లీలీటర్లు పోస్తే బిడ్డ పొట్ట నిండి మత్తుగా పడుకుంటుంది. "చూశారా, ఆకలికే ఏడ్చాడు" అంటారు. బిడ్డ చీకలేదు కనుక తల్లి శరీరానికి పాలు కావాలన్న కబురు అందదు. రొమ్ము అడిగినంతే ఇస్తుంది, అడగకపోతే మానేస్తుంది. అలా రెండు రోజుల సీసా తర్వాత నిజంగానే పాలు తగ్గుతాయి. నేను చీటీ రాసి ఇచ్చిన అమ్మాయికి జరిగినది ఇదే.

పుట్టిన గంటలోపు బిడ్డను తల్లి రొమ్ముల మధ్య, బట్ట అడ్డం లేకుండా, చర్మానికి చర్మం తగిలేటట్లు బోర్లా పడుకోబెట్టడం అన్నిటికంటే మంచి ఆరంభం. సిజేరియన్ అయినా ఇది సాధ్యమే. పక్కన పట్టుకునే మనిషి కావాలి, అంతే. ఆపైన రోజుకు ఎనిమిది నుంచి పన్నెండు సార్లు పాలివ్వాలి. గడియారం చూడనక్కరలేదు. బిడ్డ నోరు చప్పరించడం, తల అటూ ఇటూ తిప్పడం, పిడికిలి నోట్లో పెట్టుకోవడం ఆకలికి తొలి గుర్తులు, ఏడుపు ఆఖరిది. ఏడ్చే బిడ్డకు రొమ్ము పట్టించడం కష్టం. ముందు భుజాన వేసుకుని ఊరడించి, ఆ తర్వాత ప్రయత్నించండి.

బిడ్డను పట్టుకోవడం దగ్గరే సగం చిక్కులు వస్తాయి. ఆయమ్మ మాటల్లోనే చెబుతాను: "పిల్లోణ్ణి రొమ్ము దగ్గరికి తేవాలి గాని, రొమ్ముని పిల్లోడి దగ్గరికి తీసికెళ్ళకూడదు." తల్లి ముందుకు వంగి పాలిస్తే నడుము నొప్పి, మెడ నొప్పి, పట్టూ కుదరదు. వీపుకు దిండ్లు పెట్టుకుని చేరగిలబడి, బిడ్డను మీ వైపు పూర్తిగా తిప్పుకోండి. బిడ్డ పొట్ట మీ పొట్టకు ఆనాలి. తల, మెడ, నడుము ఒక్క వరుసలో ఉండాలి. తల మాత్రమే తిప్పి పాలు తాగమంటే మనం మాత్రం మెడ పక్కకు తిప్పి నీళ్ళు తాగగలమా? చనుమొనతో బిడ్డ పైపెదవిని మెల్లగా తాకండి. ఆవలించినట్లు నోరు బాగా తెరిచే దాకా ఆగి, అప్పుడు బిడ్డను చటుక్కున దగ్గరకు లాక్కోండి. చనుమొన ఒక్కటే నోట్లోకి వెళితే చాలదు. దాని చుట్టూ ఉన్న నల్లని వలయం కూడా, ముఖ్యంగా కింది భాగం, నోట్లో ఉండాలి. గడ్డం రొమ్ముకు ఆని, కింది పెదవి బయటకు మడత పడి ఉంటే పట్టు కుదిరినట్లు. కొద్దిసేపటికి చీకుడు నెమ్మదించి, గుటక వినబడుతుంది.

పట్టు కుదిరితే నొప్పి ఉండదు. మొదటి రోజుల్లో పట్టిన క్షణంలో కాస్త చురుక్కుమనడం మామూలే. పాలిచ్చినంతసేపూ నొప్పి ఉన్నా, చనుమొనలు పగిలినా, ఓర్చుకోవడం తల్లితనం అని ఎవరు చెప్పినా వినకండి. నొప్పి అంటే పట్టు తప్పిందని. బిడ్డ నోటి మూలనుంచి మీ చిటికెన వేలు మెల్లగా లోపలికి పెట్టి, పట్టు విడిపించి, మళ్ళీ మొదలుపెట్టండి. పదిసార్లయినా సరే. పగుళ్ళకు ఆఖరున వచ్చిన నాలుగు చుక్కల పాలు రాసి గాలికి ఆరనివ్వడం చాలా మందికి సరిపోతుంది. ప్రతిసారీ సబ్బుతో కడగవద్దు. చర్మానికున్న సహజమైన జిడ్డు పోయి పగుళ్ళు పెరుగుతాయి.

సిజేరియన్ అయినవారికి బిడ్డ బరువు కుట్ల మీద పడుతుందన్న భయం ఉంటుంది. పక్కకు తిరిగి పడుకుని ఇవ్వవచ్చు. లేదా బిడ్డ కాళ్ళు మీ వీపు వైపుకు వచ్చేటట్లు, బిందెను చంకన పెట్టుకున్నట్లుగా పట్టుకోవచ్చు. బిందె మాట చెప్పగానే మా జిల్లా తల్లులకు ఆ భంగిమ వెంటనే అర్థమయ్యేది. నొప్పి తగ్గే మాత్రలు అడిగి వేసుకోండి. డాక్టరు రాసే మామూలు నొప్పి మాత్రలలో చాలా వరకు పాలిచ్చే తల్లులకు ప్రమాదం లేనివే. నొప్పి చేపును ఆపుతుందని పైన చెప్పాను కదా.

మూడవ నాలుగవ రోజున రొమ్ములు రాయిలా గట్టిపడి సలుపు పెడతాయి. ఇది పాలు పడుతున్నాయనడానికి గుర్తు. భయపడి పాలివ్వడం ఆపితే గడ్డకట్టి మరింత బాధ. పాలిచ్చే ముందు కాసేపు గోరువెచ్చని తడిగుడ్డ వేసి, కొద్దిగా చేత్తో పిండి వలయం మెత్తబడ్డాక బిడ్డకు పట్టించాలి. ఇచ్చిన తర్వాత చల్లని గుడ్డ వేసుకోవాలి. ఒకచోట ఎర్రబడి, వేడిగా ఉండి, జ్వరం కూడా వస్తే డాక్టరును చూడాలి. అప్పుడు కూడా ఆ రొమ్ము నుంచి పాలివ్వడం మానవద్దు. బిడ్డకు ఏమీ కాదు.

ఇంటివారితో కొన్ని మాటలు. పాతకాలపు పథ్యాలన్నీ చెడ్డవని నేను అనను. వెల్లుల్లి, మునగాకు, నువ్వులు, బెల్లం, కోస్తాలో పాలసొర కూర, ఇవన్నీ బాలింతకు ప్రేమతో పెట్టేవి, తింటే మంచిదే. నాకు కోపం వచ్చేది నీళ్ళ పథ్యం మీద. పొట్ట పెరుగుతుందని బాలింతకు గ్లాసు లెక్కన నీళ్ళిచ్చే ఇళ్ళు నేను ఈ మధ్య వరకు చూశాను. దాహమైనంత నీళ్ళు తాగనివ్వండి. పప్పు, కూరలు, గుడ్డు, పెరుగు మానిపించి కారప్పొడి అన్నం పెట్టడం పథ్యం కాదు, ఉపవాసం. పాలిచ్చే తల్లికి రోజుకు మామూలుకంటే సుమారు 500 నుంచి 600 కేలరీలు అదనంగా కావాలి. అంటే మరొక పూట భోజనం.

బిడ్డకు మాత్రం, ఆరు నెలలు నిండే దాకా, తల్లిపాలు తప్ప మరేదీ వద్దు. తేనె నాకించడం, పంచదార నీళ్ళు, ఆముదం ఉగ్గు, వీధిలో అమ్మకానికి వచ్చే గాడిదపాలు, ఇవేవీ వద్దు. తేనెతో ఏడాదిలోపు పిల్లలకు బొట్యులిజం అనే తీవ్రమైన జబ్బు రావచ్చు. రోహిణీకార్తె ఎండల్లో కూడా విడిగా నీళ్ళు పట్టనక్కరలేదు. తల్లిపాలలో నూటికి 87, 88 వంతులు నీరే. డాక్టరు రాసిన విటమిన్ చుక్కలు, మందులు దీనికి మినహాయింపు.

1992లో మన దేశంలో డబ్బాపాల ప్రచారాన్ని నిషేధిస్తూ చట్టం వచ్చింది. 2003లో దానిని మరింత కట్టుదిట్టం చేశారు. పాలపొడికి, సీసాలకు ప్రకటనలివ్వకూడదు, తల్లులకు ఉచితంగా నమూనాలు పంచకూడదు, వైద్యులకు బహుమతులు ముట్టజెప్పకూడదు. నా గదిలోని క్యాలెండరు చట్టం వచ్చేదాకా ఉండలేదు, 1978లోనే తీసేశాను. అయితే ఆ చట్టం చదివిన రోజున, అది నాబోటివాళ్ళను దృష్టిలో పెట్టుకునే రాశారనిపించింది.

ఇంతా తెలిసిన నేను, 2009లో మా అమ్మాయి పురిటికి వచ్చినప్పుడు ఏం చేశానో కూడా చెప్పాలి. సిజేరియన్ అయింది. ఆడపిల్ల. రెండవ రాత్రి పాప ఏడుస్తూనే ఉన్నది. మా ఆవిడ బయటకు వచ్చి, "ఏవండీ, పాలు పడలేదు" అన్నది. మూడు దశాబ్దాలుగా ఇతరుల ఇళ్ళలో విన్న మాట! నేను చెప్పులు వేసుకుని మందుల షాపుకు నడిచాను. డబ్బా కొన్నాను. చేతిలో పట్టుకుని తిరిగి వస్తుంటే దారిలో రెండుసార్లు ఆగాను. తాతను అయ్యేసరికి డాక్టరు ఎటు పోయాడో తెలియలేదు.

డబ్బాను సంచిలోనే ఉంచి, గదిలోకి వెళ్ళి కూర్చున్నాను. అమ్మాయి కళ్ళు వాచి ఉన్నాయి. "నాన్నా, నాకే ఎందుకిలా?" అన్నది. పాప పట్టు చూశాను. నిస్సారంగా చనుమొన అంచును చప్పరిస్తున్నది. సరిచేశాం. అయినా మూడవనాటి పొద్దున తూచితే పుట్టిన బరువులో నూటికి పది వంతులు తగ్గింది. మొదటి రోజుల్లో ఏడు వంతుల దాకా తగ్గడం మామూలు. పదికి చేరితే ఊరుకోకూడదు. పాప మందకొడిగా ఉన్నది, మూత్రం సరిగా పోయడం లేదు. అప్పుడు డబ్బా తెరిచాం. ముందు రొమ్ము, ఆ తర్వాత పిండిన ముర్రుపాలు, ఆపైన మాత్రమే కొలిచి కలిపిన డబ్బాపాలు కొద్దిగా, అన్నీ ఉగ్గుగిన్నెతో. సీసా పెట్టలేదు. మా అమ్మ నాటి వెండి ఉగ్గుగిన్నె. దానితో మా ఆవిడ మా పిల్లలకు ఆముదం పట్టడానికి సిద్ధమైనప్పుడు ఒకప్పుడు నేను తగవు పెట్టుకున్నాను! కడిగి, నీళ్ళలో మరిగించి, బిడ్డ తల కాస్త ఎత్తి పట్టుకుని, కొస పెదవి మూలన ఆనిస్తే పాప తానే లాక్కుని తాగింది. రొమ్ము పట్టలేని నెలతక్కువ పిల్లలకు కూడా మేము వార్డులో ఇలాగే పట్టేవాళ్ళం.

ఆ డబ్బా చూసి అమ్మాయి వెక్కివెక్కి ఏడ్చింది. తాను ఓడిపోయాననుకున్నది. ఇది మందు అని చెప్పాను. జ్వరానికి మాత్ర వేసినట్లే. అవసరమున్నన్ని రోజులు, కొలత ప్రకారం, ఆ తర్వాత ఆపేస్తాం. డబ్బాపాలు విషం కావు. నా 1978 నాటి తప్పు డబ్బా రాయడం కాదు. చూడకుండా రాయడం, ఎంత, ఎలా, ఎన్నాళ్ళు అన్నది చెప్పకుండా రాయడం, కొనలేనివారికి రాయడం.

కొందరికి నిజంగానే పాలు చాలవు. థైరాయిడ్ లోపం, ప్రసవంలో విపరీతమైన రక్తస్రావం, గర్భాశయంలో మాయ ముక్క మిగిలిపోవడం, పూర్వం రొమ్ముకు జరిగిన శస్త్రచికిత్స, పాలగ్రంథులు సరిగా పెరగకపోవడం వంటి కారణాలుంటాయి. వారి సంఖ్య తక్కువే. కాని తక్కువ అన్న మాట వారికి ఓదార్పు కాదు. అటువంటి తల్లిని సిగ్గుపరచే హక్కు అత్తగారికీ లేదు, తల్లిపాల మీద ఉపన్యాసాలిచ్చే మా వైద్యులకూ లేదు. చుక్క పాలున్నా ఆ చుక్క ఇవ్వండి, మిగతాది పోతపాలతో భర్తీ చేయండి, బిడ్డను గుండెకు హత్తుకోవడానికి మాత్రం ఏ లోటూ లేదు.

పాలు చాలుతున్నాయా లేదా అన్నది రొమ్మును చూసి చెప్పలేం, పిండి చూసీ చెప్పలేం, బిడ్డ ఏడుపును బట్టి అసలే చెప్పలేం. సాయంకాలాల్లో గంట గంటకూ పాలడగడం ఆరోగ్యంగా ఉన్న పిల్లలు చేసే పనే. కింది నుంచి ఏం వస్తున్నదో చూడాలి. మొదటి రోజు ఒకసారి, రెండవ రోజు రెండుసార్లు, మూడవ రోజు మూడుసార్లు, ఐదవ రోజు దాటాక కనీసం ఆరుసార్లు మూత్రం పోయాలి. నల్లని విరేచనం నాలుగైదు రోజులకు పసుపు రంగుకు తిరగాలి. రెండు వారాలకల్లా పుట్టిన బరువు మళ్ళీ రావాలి. బిడ్డ లేపినా లేవకపోయినా, పాలు పట్టకపోయినా, మూత్రం తగ్గినా, పసిరికలు కాళ్ళ దాకా పాకినా, ఒళ్ళు కాలినా లేక చల్లబడినా, ఆ రాత్రే ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి. పొద్దుటి దాకా ఆగవద్దు.

తల్లి కళ్ళను కూడా చూడండి. మూడవ రోజు నుంచి కారణం లేని ఏడుపు చాలామందికి వస్తుంది, పది పదిహేను రోజుల్లో తగ్గుతుంది. తగ్గకపోతే, నిద్ర పట్టకపోతే, బిడ్డ మీద మనసు పోకపోతే, చావు మాట వస్తే, అది జబ్బు. దిష్టి తీసి ఊరుకోవద్దు. వైద్యం ఉన్నది, పాలిస్తూ వాడదగిన మందులూ ఉన్నాయి. చూడవచ్చినవారిని వీధిగదిలోనే కాఫీ ఇచ్చి పంపేయడం ఆ ఇంటి మగవాళ్ళ బాధ్యత. మా అల్లుడు ఆ పనిని ఎంత నిష్ఠగా చేశాడంటే మా వియ్యపురాలి అక్కగారు నేటికీ మాతో సరిగా మాట్లాడదు.

ఉద్యోగానికి తిరిగి వెళ్ళవలసినవారు పది పదిహేను రోజుల ముందు నుంచే చేత్తోగాని పంపుతోగాని పాలు తీయడం అలవాటు చేసుకోవాలి. శుభ్రమైన స్టీలు గిన్నెలో మూతపెట్టి ఉంచితే గదిలో నాలుగు గంటలు, ఫ్రిజ్ లోపలి అరలో ఒక రోజు నిలువ ఉంటాయి. మన వేసవిలో గది మీద ఆధారపడకపోవడం మంచిది. నేరుగా పొయ్యి మీద కాచకుండా, వేడినీళ్ళ గిన్నెలో పెట్టి వెచ్చచేయాలి. ఆఫీసు నుంచి వచ్చాక, రాత్రంతా, సెలవు రోజుల్లో రొమ్మే ఇవ్వండి. ఆరు నెలల తర్వాత మెత్తని అన్నం, పప్పు మొదలుపెట్టినా రెండేళ్ళు, ఆపైన కూడా పాలివ్వవచ్చు.

మా మనవరాలి సంగతి మధ్యలో వదిలేశాను. నాలుగవ రాత్రి రెండు దాటాక అమ్మాయి పిలిచింది. రొమ్ములు బరువెక్కి రవిక తడిసిపోయింది. గదిలో చిన్న దీపం తప్ప ఏమీ లేదు. నేను గుమ్మం దగ్గరే నిలబడ్డాను. పాప పట్టింది, చీకింది, కొంచెంసేపు ఏ చప్పుడూ లేదు. ఆ తర్వాత గుటక, మళ్ళీ గుటక. మా ఆవిడ నావైపు చూసి, మాట్లాడకుండా వెళ్ళిపొమ్మని చెయ్యి ఊపింది. డబ్బా ఆరవనాటికి ఆపేశాం. ఏడవనాడు పొద్దున పెరట్లోకి వెళితే, దండెం మీద పాప గుడ్డలు ఆరవేస్తూ మా ఆవిడ పైకి లెక్కపెడుతున్నది: "ఏడు, ఎనిమిది..."